లీగల్ ఎయిడ్‌లో కేసు వాదించేది లా స్టూడెంట్లా? ఏటండి ఈ ఫార్వర్డు

మా శ్రీకాకుళం గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఏటంటే, లీగల్ ఎయిడ్‌కి, అంటే సర్కారు ఫ్రీగా లాయర్ని ఇచ్చే చోటికి వెళ్తే మీ విడాకుల కేసు, మనోవర్తి కేసు లా కాలేజీ పిల్లలు వాదిస్తారట, పేదోళ్ళ కేసుల మీద పని నేర్చుకుంటారట, అమెరికాలోనూ ఇంతేనట, ఫ్రీ లాయర్ వాయిదాలకి రాడట, అందుకని పుస్తెలమ్మయినా సొంత ప్లీడర్ని పెట్టుకోవాలట.

పిల్లలు వాదించడం ఏటి బాబూ, 1961 అడ్వకేట్స్ యాక్ట్ ప్రకారం బార్ కౌన్సిల్లో లాయరుగా పేరు నమోదు (ఎన్‌రోల్) అవ్వకుండా ప్రాక్టీస్ చేస్తే ఆరు నెలల దాకా జైలు. సెక్షన్ 32 కింద జడ్జి గారు ఒక కేసు వరకు బయటి మనిషికి పర్మిషన్ ఇవ్వొచ్చు, నిజమే, కానీ దాన్ని పట్టుకుని కాలేజీ మొత్తం కోర్టులో దిగిపోయిందంటే ఎలాగ? లీగల్ ఎయిడ్‌లో మీకిచ్చేది ప్యానెల్ అడ్వకేట్‌ని, అంటే ఆ సంస్థ తన జాబితాలో పెట్టుకున్న లాయర్ని. మూడేళ్ళ ప్రాక్టీస్ లేనోళ్ళని మామూలుగా ప్యానెల్లోకి తీసుకోకూడదని నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) 2010 రెగ్యులేషన్స్‌లోనే ఉంది. నల్లకోటులో కుర్రాడిలా కనిపించేవాడు ఏ సీనియర్ గారి జూనియరో అయ్యుంటాడు, వాడూ ఎన్‌రోల్ అయినవాడే.

మరి స్టూడెంట్లు ఏం చేస్తారంటే కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్కులో అర్జీలు రాసిపెడతారు, కాగితాలు చూస్తారు, ఏ ఆఫీసుకి వెళ్ళాలో చెప్తారు, ఊళ్ళల్లో క్యాంపులు పెడతారు. ఎదుటి మనిషి కష్టం కూర్చుని వినే ఓపిక పెద్ద ప్లీడర్ల కన్నా వీళ్ళకే ఎక్కువని నేనంటాను, తిట్టుకుంటే తిట్టుకోండి.

అమెరికా ముక్క సగం నిజం, అందుకే జనం నమ్మేస్తున్నారు. అక్కడ లా స్కూల్ క్లినిక్కుల్లో స్టూడెంట్లు అద్దె ఇల్లు ఖాళీ చేయించే కేసులు, విడాకులు, పిల్లల కస్టడీ నిజంగానే చూస్తారు, కోర్టులో నిలబడతారు కూడా. కానీ దానికి కోర్టు రూల్సు ఉన్నాయి, లైసెన్సున్న అటార్నీ పైనుండి చూసుకోవాలి, క్లయింట్ ముందే ఒప్పుకోవాలి. ఆ రూల్సు సంగతి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

ఇక పుస్తెలమ్మడం, దీనికే నాకు ఒళ్ళు మండింది. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం (ఈ ఫ్రీ లాయర్ సాయానికి మూలమైన చట్టం) సెక్షన్ 12లో ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పనే లేదు, ప్యానెల్ లాయర్ మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. వాయిదాలకి రారన్నది మాత్రం కొందరి విషయంలో నేనూ కాదనలేను. అలాంటోడు తగిలితే న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీ గారికి అర్జీ పెట్టి వేరే లాయర్ని అడగండి. జిల్లా కోర్టు దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, టెక్కలి, సోంపేట వైపు వాళ్ళు అక్కడి కోర్టులో మండల కమిటీని అడగొచ్చు, కదల్లేకపోతే లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యండి.