ముగ్గుర్ని కనమంటున్నారు సరే, కనేవాళ్ళని అడిగారా?

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎత్తేసింది. మంచిపనే. కానీ కథ అక్కడితో ఆగలేదు. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు, ముగ్గురుండాలని నాగపూర్‌లో ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్, మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని విజయనగరం ఎంపీ. ఒకరికి జనాభాను బట్టి నియోజకవర్గాలు మళ్ళీ విభజించే డీలిమిటేషన్‌లో సీట్లు పోతాయన్న భయం, ఇంకొకరికి మతం తగ్గిపోతుందన్న బెంగ. మోయాల్సింది మాత్రం ఏ రాజోలులోనో, పాలకొల్లులోనో ఉన్న ఆడమనిషి.

మన డెల్టా పల్లెల్లో రెండో కాన్పు సిజేరియన్‌తో పాటే, పనిలో పనిగా కుటుంబ నియంత్రణ ‘ఆపరేషన్’ కూడా అయిపోతుంది. డాక్టరుతో ఆ మాట మాట్లాడేది చాలాసార్లు అత్తగారే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. అదేమంటే నీరసం వస్తుంది, కొబ్బరి దింపులకి వెళ్ళలేం అంటారు. కుట్లు మానీ మానకముందే నాట్లకి వంగే ఆవిడకి నీరసం రాదు కాబోలు!

అసలు మాట 1983లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. టి.సరిత కేసులో జస్టిస్ పి.ఎ.చౌదరి హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టేశారు. ఇష్టంలేని కాపురానికి వెళ్ళమని కోర్టే ఆర్డరు వేస్తే, బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం ఆమె చేతిలోంచి ప్రభుత్వం చేతిలోకి పోతుందన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది. సెక్షన్ ఇప్పటికీ ఉంది. భార్యకు 18 ఏళ్ళు నిండితే భర్త బలవంతం అత్యాచారం కాదని ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త న్యాయసంహిత 63వ సెక్షన్ కూడా అంటోంది. 2022లో సుప్రీంకోర్టు మాత్రం, గర్భస్రావం వరకు దాన్ని అత్యాచారంగానే చూడాలని చెప్పింది. అంటే గర్భం తీసేటప్పుడు నేరం, భర్తను నిలదీసేటప్పుడు సంసారం!

భర్త బలవంతాన్ని నేరం చేస్తే కాపురాలు కూలిపోతాయి, తప్పుడు కేసులు పెడతారు అంటారు. ఒక్కో ఆడమనిషికి పుట్టే పిల్లల సగటు 1.7కి పడిందనీ అంటారు, అది నిజమే. కానీ గట్టు తగాదాల్లోనూ తప్పుడు కేసులు పడతాయి, భూమి చట్టాలు ఎత్తేశామా? 1891లో, భార్య అయినా సరే ఆడపిల్లతో కాపురానికి ఉండాల్సిన సమ్మతి వయసును 12కి పెంచినప్పుడు బాలగంగాధర తిలక్ కూడా మతంలో జోక్యం చేసుకోవద్దనే అన్నారు. అంతకు పదేళ్ళ ముందే రాజమండ్రిలో వీరేశలింగం వితంతువుకి పెళ్ళి చేశారు. ఆ గడ్డ మీద మనం ఇంకా ఇదే వాదన వింటున్నాం.

నన్నడిగితే ఇదంతా సంతకం గొడవ. సగం పంచాయతీలు ఆడవాళ్ళవే, కుర్చీలో కూర్చుని కాగితాలు చూసేది మాత్రం సర్పంచిగారి భర్త. అదే సర్పంచి ఆసుపత్రికి వెళ్తే భర్త సంతకం తెమ్మంటారు. 18 దాటిన ఆడమనిషి గర్భస్రావానికి చట్టం అడిగేది భర్త సమ్మతి కాదు, ఆమె సమ్మతే. ముగ్గుర్ని కనమనే నాయకుల్ని, అదే మైకులో ఈ ముక్క కూడా చెప్పమనండి చూద్దాం.