సింగ్‌నగర్ పిల్లలకు ఒక ఫ్లెక్సీ

గత ఆదివారం మా మున్సిపల్ హైస్కూలు గోడకు ఒక ఫ్లెక్సీ కట్టాం. పన్నెండు అడుగుల పొడవు, ఆరు అడుగుల ఎత్తు. పదో తరగతిలో ఐదు వందల మార్కులు దాటిన పదకొండు మంది పిల్లల ఫొటోలు, కింద పేర్లు, మార్కులు. అంతే. దుకాణంలో కుర్రవాడు "పైన ఎవరి ఫొటో వేయాలండీ?" అని రెండుసార్లు అడిగాడు. ఎవరిదీ వద్దన్నాం. డబ్బు వేసుకున్నవారి పేర్లు కూడా వద్దన్నాం. అతను నమ్మలేక మూడోసారి ఫోను చేసి అడిగాడు.

ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా బెజవాడలో ఎటు తల తిప్పినా ర్యాంకుల హోర్డింగులే. ఆ పిల్లలూ రాత్రింబవళ్లు కష్టపడ్డవారే, వారికి నా ఆశీస్సులు. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ ఊళ్లో ఉంటున్నాను, మున్సిపల్ బడి పిల్ల ముఖం ఒక్క హోర్డింగు మీదా నేను చూడలేదు. మా పిల్లల మార్కులు నోటీసు బోర్డు మీద నాలుగు రోజులుంటాయి, గాలివాన వస్తే చిరిగిపోతాయి. ఈసారి అలా కానివ్వకూడదనుకున్నాం. ఎందుకనుకున్నామో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఈ పిల్లలు పదో తరగతిలో అడుగుపెట్టిన మూడో నెలలోనే బుడమేరు వాగు పొంగి ఇళ్లలోకి వచ్చింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ అన్నీ ఒకటే చెరువు. మేడలెక్కినవారు రోజుల తరబడి మేడల మీదే ఉండిపోయారు. అన్నం పొట్లాలు పడవల్లో వచ్చాయి, హెలికాప్టర్ల నుంచి జారవిడిచారు. నీరు తీశాక ఫైరింజన్లు వచ్చి బురద కడిగాయి. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25,000 రూపాయలిచ్చింది. ఆ డబ్బుతో ఇళ్లలో పొయ్యి, మంచం, పరుపు మళ్లీ అమరాయి. పాఠ్యపుస్తకాలు కూడా మళ్లీ వస్తాయి, అవి సర్కారు అచ్చువేసేవే. మరి నోట్సు ఎవరిస్తారు? జూన్ నుంచి ఆగస్టు దాకా పిల్లలు తమ చేత్తో రాసుకున్న నోట్సు?

ఆ నోట్సులను ఆరబెట్టిన రోజులు నాకు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. బడి మేడ మీద పాత దినపత్రికలు పరిచి, అంటుకుపోయిన కాగితాలను ఒక్కొక్కటే విడదీసేవారు తల్లులు. బాల్ పెన్నుతో రాసినవి చాలావరకు నిలిచాయి. జెల్ పెన్నుతో రాసినవి నీలిమరకలైపోయాయి. చక్కగా కనిపించాలని హెడ్డింగులన్నీ జెల్ పెన్నుతో రాసుకున్న పిల్ల ఒకతి, పాఠం పేరు ఏమిటో తెలియని నోట్సు పట్టుకుని గోడ పక్కన కూర్చుండిపోయింది. మా వీధి ఇస్త్రీ బండి పెద్దాయన అది చూశాడు. మరునాడు పొద్దున్నే బొగ్గుల పెట్టెతో వచ్చాడు. ఆరిన కాగితాల మీద గుడ్డ వేసి, చెయ్యి తేల్చి ఇస్త్రీ చేశాడు. మూడు రోజులు. ఆయన బండి కూడా నీళ్లలో నానిందే. ఆయనకు చదవడం రాదు. ఏ కాగితం ఏ సబ్జెక్టుదో పిల్లలే చెబుతుంటే, సోషల్ ఒక దొంతి, సైన్సు ఒక దొంతి పేర్చి పెట్టాడు.

పూర్తిగా పోయిన పాఠాల కోసం పటమటలో మునగని బడి పిల్లలు తమ నోట్సులిచ్చారు. మా జిరాక్సు దుకాణం ఆయన యంత్రాన్ని ముందే పై అంతస్తుకు ఎక్కించుకోగలిగాడు. కాగితం ఖర్చు మాత్రమే తీసుకుని కాపీలు తీసి ఇచ్చాడు.

పాఠశాల యాజమాన్య కమిటీ గురించి ఇక్కడ చెప్పాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవారు ఉండాలి. చాలాచోట్ల అది సంతకాల పుస్తకంలోనే కనిపిస్తుంది. మా బడిలో ఆ ఆగస్టు 8న ఎన్నికలు జరిగాయి. నెల తిరగకముందే వరద. ఎన్నికైన తల్లుల్లో కొందరి ఇళ్లు అప్పటికి ఇంకా ఆరలేదు. వారే వచ్చి బడి గదులు కడిగారు. నవంబరులో హెడ్‌మాస్టరుగారి దగ్గరకు వెళ్లి, "సాయంత్రం పూట మా పిల్లలకు చదువుకునే చోటు లేదు, ఇళ్లలో గోడలు ఇంకా చెమ్మగా ఉన్నాయి, రెండు గదులు తెరిచి ఉంచండి" అని అడిగిందీ వారే. ఆయన తాళం చెవి వారి చేతిలోనే పెట్టారు.

అలా మొదలైంది మా సాయంత్రం చదువు. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. నేను వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను. పని ముగించుకుని బస్సెక్కి వచ్చేసరికి ఏడున్నర అయ్యేది. మిగిలిన గంట పిల్లలతో లెక్కలు చేయించేవాడిని. ఇడ్లీ బండి అక్క రోజూ ఒక పెద్ద గిన్నె పంపేది. డబ్బు అడగలేదు, మేమే నెలకోసారి పిండి ఖర్చయినా తీసుకోమని బతిమాలేవాళ్లం. ఎనిమిదిన్నరకు ఆటో స్టాండు నుంచి ఇద్దరు వచ్చి గేటు దగ్గర నిలబడేవారు. ఆడపిల్లలను వీధి వీధికీ దింపి, ప్రతి ఇంటి ముందూ హారన్ కొట్టి, తల్లో తండ్రో బయటకు వచ్చాకే బయలుదేరేవారు. పరీక్షలు ముగిసేదాకా ఒక్కరోజు కూడా ఆ ఆటోలు రాకుండా లేవు.

2025 ఏప్రిల్ 23న ఫలితాలు వచ్చాయి. రాష్ట్రంలో ఉత్తీర్ణత 81.14 శాతం. మా బడిలో పదకొండు మందికి ఐదు వందలు దాటాయి. జెల్ పెన్ను పిల్లకు ఆరు వందలకు 561. నలుగురు తప్పారు. ఆ నలుగురూ మే నెల ఎండల్లో మళ్లీ అదే గదిలో కూర్చుని చదివి, సప్లిమెంటరీలో గట్టెక్కారు. మా బడిలో పెట్టుకున్న అభినందన సభకు వారినీ పిలవాలని నేను పట్టుబట్టాను. "తప్పిన పిల్లలకు సన్మానమా?" అని ఒకరిద్దరు అన్నారు. అవునండీ, సన్మానమే. తోటి పిల్లలు సెలవుల్లో ఆడుకుంటుంటే, తప్పానన్న సిగ్గును దిగమింగి రోజూ బడి గేటు దాటి లోపలికి రావడం ఎంత కష్టమో పదహారేళ్ల వయసులో ఒకసారి ఊహించుకోండి. వారు వేదికెక్కినప్పుడే చప్పట్లు ఎక్కువసేపు మోగాయి.

సభ మేమే జరుపుకోవాలనుకోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. అది చెప్పకపోతే మనసొప్పదు. మే నెలలో వేరేచోట జరిగిన ఒక సభకు మా 561 పిల్లను పిలిచారు. నేనూ వెళ్లాను. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, సంతోషమే. తర్వాత మైకు ఆమె చేతికిచ్చి, "నాన్న ఏం పని చేస్తారమ్మా? ఇంట్లో ఎన్ని రోజులు పస్తులున్నారు? వరదలో ఎలా ఏడ్చారు? చెప్పు" అన్నారు. పిల్ల తల వంచుకుంది. కాసేపు ఆగి, "త్రికోణమితి నాకు నెల రోజుల దాకా అర్థం కాలేదు సార్, తర్వాత అర్థమైంది" అంది. అక్కడున్నవారికి అది రుచించలేదు, మైకు తీసేసుకున్నారు.

నా కడుపు రగిలిపోయింది. ఆ పిల్ల చెప్పాలనుకున్నది అదే కదా! తాను గెలిచింది ఎక్కడో ఆమెకు బాగా తెలుసు. మీరు కప్పిన శాలువాకు వెలగా ఆమె తన ఇంటి గుట్టు విప్పాలా? సాయం చేసే చేతులకు దండం పెడతాను, కానీ దయచేసి మా పిల్లల పేదరికాన్ని వేదిక ఎక్కించకండి. వారి లెక్కల గురించి అడగండి. ఏ పాఠం ఇష్టమో, ఏం చదవాలనుందో అడగండి.

మా సభలో అలాగే అడిగాం. ఒకడు తనకు రసాయన సమీకరణాలు తుల్యం చేయడం పచ్చీసు ఆడినంత ఇష్టమన్నాడు. తప్పి గట్టెక్కిన పిల్లల్లో ఒకడు పాలిటెక్నిక్ చేస్తానన్నాడు. 561 పిల్ల నూజివీడు ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టింది. పదో తరగతి మార్కుల మీదే అక్కడ సీటు ఇస్తారని, ప్రభుత్వ బడిలో చదివినవారికి 4 శాతం అదనంగా కలుపుతారని ఆమె తల్లికి తెలియదు. చెప్పింది ఆటో స్టాండు ఆయన, ఆయన మేనకోడలు అక్కడే చదివింది. శాలువాల కంటే ఇలాంటి ఒక్క మాట ఎక్కువ పని చేస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు కూడా సభలోనే చెప్పాం: ఎన్‌ఎంఎంఎస్ అనే జాతీయ ఉపకారవేతన పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల ఉపకారవేతనం వస్తుంది, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి అని. మరునాడు పొద్దున మా వార్డు సచివాలయం దగ్గర ఆరుగురు తల్లులు వరసలో కనిపించారు.

ఇస్త్రీ పెద్దాయనను వేదిక మీదికి రమ్మంటే రాలేదు, చివరి వరుసలోనే నిలబడ్డాడు. పిల్లలే దిగి వెళ్లి ఆయనకు శాలువా కప్పారు. సభ అయ్యాక ఆయన ఫ్లెక్సీ దగ్గరకు వెళ్లి, "ఇందులో ఆ నీలిమరకల పాప ఏది?" అని అడిగాడు. చూపించాం. ఆ ఫొటో కింద అంకెల మీద వేలు పెట్టి, "ఇది ఎంత?" అన్నాడు. ఐదు వందల అరవై ఒకటి అని చెప్పాం. రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

ఈ ఏటి పదో తరగతికి సాయంత్రం చదువు జూలై మొదటి సోమవారం నుంచి మొదలుపెడుతున్నాం. నవంబరు దాకా ఆగడం లేదు. లెక్కలకు నేనున్నాను, సైన్సుకు డిగ్రీ చదువుతున్న మా పాత విద్యార్థులు ఇద్దరు వస్తున్నారు, ఇంగ్లీషుకు రిటైరైన ఒక మాస్టారు ఒప్పుకున్నారు. హిందీకి ఎవరూ లేరు. వారానికి రెండు రోజులు, గంట చొప్పున రాగలిగినవారు సింగ్‌నగర్ చుట్టుపక్కల ఉంటే చెప్పండి. ఏడున్నరకు నేను గేటు దగ్గర ఉంటాను.