విశ్వానికి అంచు దొరికిందని ఎవరూ చెప్పలేదు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే, బాగా చదువుకున్నవాళ్లే. "విశ్వం అనంతం కాదు, సైన్స్ నిరూపించేసింది" అని హెడ్డింగ్, కింద ఏడు పాయింట్లు, చివర "తప్పక షేర్ చేయండి". మొదటి రెండుసార్లు చదివి ఊరుకున్నాను. మూడోసారి పంపిన స్నేహితుడికి ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. సరేనన్నాడు. వారం తిరక్కుండానే అదే మెసేజ్‌ని ఇంకో గ్రూపులో పెట్టాడు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

విశ్వం పరిమితమా, అనంతమా అన్నది ఇంతవరకూ తేలలేదు. తేలిపోయిందని ఎవరన్నా, ఏ వైపు మాట్లాడినా, ఒప్పుకోవద్దు.

రెండు పాయింట్ల మీద ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. "విశ్వమూ మనిషి మూర్ఖత్వమూ రెండే అనంతం, విశ్వం సంగతి మాత్రం అనుమానమే" అని ఐన్‌స్టైన్ అన్నాడట. ఆయన ఆ మాట అన్నట్టు నమ్మదగిన ఆధారం ఏదీ లేదు. ఆయన నిజంగా రాసింది 1917లో ఒక పరిశోధన పత్రం. అందులో విశ్వం పరిమితమే, కానీ దానికి అంచు లేదు. భూమి ఉపరితలం మీద ఎంత నడిచినా అంచు తగలదు కదా, అలాంటిదే మూడు దిక్కుల కొలతల్లో. విశ్వం వ్యాకోచిస్తోందని తేలాక ఆ నమూనాను ఆయనే వదిలేశాడు. మెసేజ్ రాసినవారికి పనికొచ్చే ఐన్‌స్టైన్ ఇక్కడున్నాడు. ఆయన్ని వదిలేసి పుకారును పట్టుకున్నారు.

ఇక "విశ్వంలో పరమాణువులు లెక్కపెట్టేశారు, 1 పక్కన 80 సున్నాలు" అన్నది. అది మనకు కనిపించగల భాగానికి వేసిన అంచనా. మొత్తానిది కాదు.

ఇదే పొరపాటు మొదటి పాయింటులోనూ ఉంది. "విశ్వం సైజు 9300 కోట్ల కాంతి సంవత్సరాలు, కొలిచేశారు." అంకె సరైనదే. దేనికి కొలత అన్నదే తప్పు. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్లు కాబట్టి అంతకాలంలో మన దాకా రాగలిగిన కాంతినే మనం చూడగలం. ఆ కాంతి ప్రయాణం చేస్తుండగా మధ్యలోని దూరం పెరుగుతూ వచ్చింది. అందుకే ఆ కాంతి బయలుదేరిన చోటు ఇప్పుడు 4650 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అన్ని వైపులా అంతే కాబట్టి వ్యాసం 9300 కోట్లు. ఆ దూరంలో ఉన్న గెలాక్సీలో ఎవరైనా కూర్చుని చూస్తే, వాళ్ల లెక్కలో అంచున ఉండేది మనమే. మనం ఏ గోడకీ ఆనుకుని లేము కదా? మరి అక్కడ మాత్రం గోడ ఎందుకుంటుంది?

"జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చిట్టచివరి గెలాక్సీని చూసింది, దాని వెనక ఏమీ లేదు" అనే పాయింటూ అలాంటిదే. ఆ టెలిస్కోప్ చూసిన అత్యంత దూరపు గెలాక్సీల్లో ఒకటి బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 30 కోట్ల ఏళ్లనాటిది. దూరం చూడటమంటే పాత కాలాన్ని చూడటం. అంతకంటే వెనక్కి వెళితే గెలాక్సీలు ఇంకా పుట్టని కాలం వస్తుంది. అక్కడా శూన్యం లేదు. బిగ్ బ్యాంగ్ తర్వాత 3,80,000 ఏళ్లకు బయలుదేరిన వెలుగు ఉంది. 1964లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు తమ రేడియో యాంటెన్నాలో ఎంతకీ పోని గరగరలా దొరికింది అదే. అందులో కనిపించేది ఒక కాలం. అది స్థలానికి హద్దు కాదు.

రాత్రి ఆకాశం పాయింటు మీద నాకు కాస్త గౌరవం ఉంది. విశ్వం అనంతమైతే ఎటు చూసినా చూపు ఏదో ఒక నక్షత్రం మీద ఆగాలి, రాత్రంతా ఆకాశం పగటిలా మెరవాలి, మరి చీకటిగా ఉందేం? ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1610లోనే ఇలా వాదించాడు, 1823లో మరో ఖగోళ శాస్త్రవేత్త ఓల్బర్స్ మళ్లీ లేవనెత్తాడు. మంచి ప్రశ్న. కానీ ఆ వాదన నిలబడాలంటే విశ్వం అనంతంగా ఉంటే చాలదు, నక్షత్రాలు అనాదిగా వెలుగుతూ కూడా ఉండాలి. వయసు 1380 కోట్ల ఏళ్లే అయినప్పుడు దూరపు వెలుగు మన దాకా రానే లేదు. పైగా వ్యాకోచం వల్ల ఆ తొలి వెలుగు అలలు సాగిపోయి మైక్రోవేవ్ అయ్యాయి. ఆ కాంతిలో చూడగలిగితే ఆకాశమంతా వెలుగుతూనే ఉంది, కాకపోతే 2.7 కెల్విన్ దగ్గర, అంటే సున్నా కింద దాదాపు 270 డిగ్రీల సెల్సియస్ చలిలో. చీకటి చెప్పేది విశ్వం వయసు గురించి. సైజు గురించి అది ఏమీ చెప్పదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది అయిదో పాయింటు. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "బిగ్ బ్యాంగ్ ఒక చుక్కలో జరిగిన పేలుడు. చుక్క నుంచి మొదలైంది కాబట్టి కేంద్రం ఉంది, కేంద్రం ఉంటే అంచు ఉంటుంది. సున్నా నుంచి పెరిగింది ఎన్నటికీ అనంతం కాలేదు." చదవగానే లాజిక్ సరిగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. అదే ప్రమాదం. ఈ బొమ్మ ఒకసారి బుర్రలో పడితే దాని మీద కట్టుకునే ప్రతి ప్రశ్నా వంకరగానే వస్తుంది. చుట్టూ నల్లటి ఖాళీ, మధ్యలో బాంబు. ఆ ఖాళీ ఎవరిది, బాంబు ఎవరు పెట్టారు, పేలుడు ఏ దిక్కున జరిగింది అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబు ఉండదు, ఎందుకంటే అలాంటి సంఘటనే జరగలేదు.

పేలుడే అయితే జరిగిన చోటు ఒక వైపు ఉండాలి. ఆ వైపు ఆకాశం వేరుగా కనిపించాలి. కానీ ఆ తొలి వెలుగులో మన సొంత కదలిక వల్ల వచ్చే తేడా తీసేస్తే, ఏ దిక్కుకు చూసినా ఉష్ణోగ్రత ఒకటే. తేడా దాదాపు లక్షలో ఒక వంతు. ఇక వ్యాకోచం గురించి శాస్త్రవేత్తలు ఫ్రీడ్‌మన్ 1922లో లెక్కగట్టింది, లెమైత్ర్ 1927లో గెలాక్సీలతో ముడిపెట్టింది, హబుల్ 1929లో కొలతలతో చూపింది, ఏదీ ముక్కలు బయటి ఖాళీలోకి ఎగిరిపోవడం గురించి కాదు. గెలాక్సీల మధ్య దూరమే పెరుగుతోంది. ఏ గెలాక్సీలో నిలబడి చూసినా మిగతావే దూరం జరుగుతున్నట్టు కనిపిస్తాయి. "దేనిలోకి వ్యాకోచిస్తోంది" అని మెసేజ్ అడుగుతోంది. బయట ఏదో ఉండి తీరాలని లెక్కలో ఎక్కడా అవసరం రాదు.

మరి చుక్క? ఒక పని చేయండి. రెండు వైపులా ముగింపు లేని సంఖ్యారేఖను ఊహించుకోండి. ప్రతి సంఖ్యనీ సగం చేయండి. 2 ఉన్నది 1 దగ్గరికి, 100 ఉన్నది 50 దగ్గరికి వచ్చింది. పక్కపక్క వాటి మధ్య దూరం సగమైంది. రేఖ పొట్టిదైందా? కాలేదు, ఇప్పటికీ ముగింపు లేదు. మళ్లీ సగం చేయండి, వందసార్లు చేయండి. అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరవుతాయి, రేఖ మాత్రం అనంతంగానే ఉంటుంది. కాలంలో వెనక్కి వెళ్లడమంటే ఇదే. ఇవాళ మనకు కనిపించే భాగం అప్పుడు ఎంతో చిన్న చోట కుక్కి ఉంది, పుస్తకాల్లో "చుక్క" అని రాసేది ఆ భాగం గురించి. మొత్తం విశ్వం ఇప్పుడు అనంతమైతే అప్పుడూ అనంతమే, కాకపోతే ఊహకందనంత సాంద్రంగా. ఇప్పుడు పరిమితమైతే అప్పుడూ పరిమితమే. బిగ్ బ్యాంగ్ రెండింటికీ సరిపోతుంది. అలాంటప్పుడు అది ఒక వైపుకి రుజువు ఎలా అవుతుంది? ఆరుగురిలో ఒక్కరికైనా ఈ సందేహం రాలేదా?

ఆఖరి పాయింటు: "అనంతం అనేది గణితంలోనే, ప్రకృతిలో ఉండదు." దీన్ని కొట్టేయాలనే మొదలుపెట్టాను. కానీ కొట్టేయలేను. 1925లో గణిత శాస్త్రవేత్త హిల్బర్ట్ కూడా దాదాపు ఇదే అన్నాడు, వాస్తవంలో అనంతం ఎక్కడా దొరకదని. అది నమ్మకమే, రుజువు కాదు. అయినా తేలిగ్గా తీసుకోవలసిన నమ్మకం కాదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. విశ్వం అనంతమని నేను చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాను, ఆ తొలి వెలుగును కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం ఫలితాలు వచ్చాక ఇంకా గట్టిగా అనుకున్నాను. తొలి వెలుగులోని మచ్చలు ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ వెడల్పున కనిపిస్తాయి. స్థలం వంగి ఉంటే ఆ కోణం మారాలి. 2018 ఫలితాల్లో, ఇతర కొలతలతో కలిపి చూస్తే, వంపు సున్నాకి అతి దగ్గర. చదునుగా ఉంది కాబట్టి అనంతమే అని చాలామందితో వాదించాను. ఆ వాదనా తప్పే. చదునైన కాగితాన్ని గొట్టంలా చుట్టినా దాని మీద గీసిన త్రిభుజం కోణాలు మారవు. వీడియో గేమ్‌లో కుడివైపు తెర దాటినవాడు ఎడమవైపు నుంచి వచ్చినట్టు, చదునైన విశ్వం కూడా తన మీదికే తిరిగి కలిసి పరిమితంగా ఉండొచ్చు. పైగా ప్లాంక్ డేటాను విడిగా తీసుకుంటే మూసుకున్న (గోళంలా వంగి, పరిమితంగా ఉండే) విశ్వం వైపు కొంచెం మొగ్గుందని 2019లో ఒక బృందం వాదించింది. చాలామంది ఒప్పుకోలేదు, కానీ అది గాలి మాట కాదు.

అంటే మెసేజ్ హెడ్డింగ్‌లోని మొదటి సగం నిజమయ్యే అవకాశం ఉంది. అంతే కాదు, ఎప్పటికైనా రుజువు దొరకగలిగేది ఆ వైపుకే. అనంతాన్ని ఏ పరికరమూ కొలిచి చూపలేదు, కానీ విశ్వం చిన్నదై తన మీదికే తిరిగి కలిసి ఉంటే ఆ తొలి వెలుగులో ఆకాశానికి రెండు వేర్వేరు చోట్ల ఒకే తీరు వలయాలు జంటగా కనిపించాలి. 2004లో కార్నిష్, స్పెర్గెల్, స్టార్క్‌మన్, కొమాట్సు అనే శాస్త్రవేత్తలు వాటికోసం వెతికారు. దొరకలేదు. తర్వాత ప్లాంక్ డేటాలోనూ వెతికారు, దొరకలేదు.

ఎప్పుడైనా దొరికితే విశ్వం పరిమితమని నేనే మీ ఆరుగురికీ మెసేజ్ పెడతాను. అందులో ఈ ఏడు పాయింట్లలో ఒక్కటీ ఉండదు.