మరమ్మతు నేర్పని పీజీ ఎందుకు?

యుద్ధాలు, హింస కారణంగా ఇల్లూ ఊరూ విడిచినవారి సంఖ్య 2024 చివరికి 12 కోట్లు దాటిందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. తుపానులు, భూకంపాల బాధితులు వీరికి అదనం. ఇలాంటివారికి నీరు, నీడ, కరెంటు ఎలా అందించాలో నేర్పే పీజీ కోర్సులు పలు దేశాల విశ్వవిద్యాలయాల్లో వచ్చాయి. మంచిదే. చేరుతున్న యువత చిత్తశుద్ధిని మేము శంకించడం లేదు. కానీ ఆ కోర్సుల విలువను ఒక్క ప్రశ్నతోనే తేల్చాలంటాం: అక్కడ చదివినవారు కట్టింది పదేళ్ల తర్వాత కూడా పనిచేస్తోందా?

ఈ చదువు తరగతి గదిలో పుట్టలేదు. 1979లో వియత్నాం నుంచి పడవల్లో పారిపోయి మలేసియా చేరినవారి మధ్య పీటర్ గుత్రీ అనే బ్రిటిష్ ఇంజినీర్ పనిచేశారు. ఆపద వచ్చినప్పుడు వెంటనే పంపదగ్గ ఇంజినీర్ల అవసరం ఎంతుందో అక్కడ చూసి, మరుసటి ఏడాది రెడ్‌ఆర్ సంస్థకు పునాది వేశారు. కేంబ్రిడ్జిలో సుస్థిరాభివృద్ధి ఇంజినీరింగ్ ఆచార్యుడైంది ఆ తర్వాతే. శిబిరం ముందు, పీఠం తర్వాత. ఈ వరుస తిరగబడితేనే చిక్కు.

విపత్తు సాయంలో అంతర్జాతీయంగా పాటించే కనీస ప్రమాణాలైన ‘స్ఫియర్’ అంకెలు చెబుతాయి: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, తలకు 3.5 చదరపు మీటర్ల నీడ. బీటెక్ చదివిన ఎవరైనా ఈ గుణకారాలు చేసేస్తారు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. కుళాయి దగ్గర నీళ్లు పట్టి క్లోరిన్ పరీక్ష మాత్ర వేస్తే గులాబీ రంగు వస్తుంది, అంటే క్రిములను చంపే క్లోరిన్ ఉన్నట్టే; రిజిస్టర్‌లో టిక్కు పడుతుంది. అవే నీళ్లు ఎండలో మోసుకెళ్లి, మూతలేని బకెట్లో సాయంత్రం దాకా ఉంచాక పరీక్షిస్తే రంగే రాకపోవచ్చు. జనం తాగేది ఆ బకెట్ నీళ్లే. మరుగుదొడ్ల లెక్కా అంతే. గొయ్యి నిండాక ఎవరు తోడాలి, ఎక్కడ పారబోయాలి, తలుపుకు గడియ, దారిలో లైటు లేకపోతే రాత్రిపూట ఆడవాళ్లు వెళ్తారా అన్నవి ఏ ఫార్ములాకూ అందవు.

రాజకీయమూ సిలబస్‌లో ఉండాల్సిందే. 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్ చేరారు. శాశ్వత కట్టడాలకు అక్కడి ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో వెదుళ్లు, టార్పాలిన్లతోనే కొండవాలుల్లో గుడిసెలు లేచాయి. వెదురుకు పురుగు పట్టి డొల్లబారడం మొదలయ్యాక, దాన్ని బోరాన్ ద్రావణంలో నానబెట్టే ఏర్పాట్లు చేయాల్సి వచ్చింది. జోర్డాన్‌లో సిరియా శరణార్థుల కోసం జాతరీ శిబిరం 2012లో వెలిసింది. 2017లో దానికి 12.9 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం కట్టారు. అయిదేళ్లకు కూడా జనం అక్కడే ఉన్నారు కాబట్టే కదా!

చేతిపంపు మీదైతే సెమిస్టరంతా పాఠం చెప్పొచ్చు. 1970ల్లో రూపొందిన ఇండియా మార్క్-2 గట్టి పంపు. ఎన్నో దేశాలకు వెళ్లింది. అయితే అడుగున సిలిండర్‌లో వాషర్ అరిగితే గొట్టాలన్నీ పైకి లాగాలి. అందుకు పెద్ద పానాలు, పని తెలిసిన మెకానిక్‌లు కావాలి. 1980ల్లో వచ్చిన ఆఫ్రిడెవ్ పంపులో గొట్టం కదపకుండానే పిస్టన్‌ను కడ్డీలతో సహా బయటికి తీయొచ్చు. కాస్త శిక్షణ ఇస్తే ఊరివాళ్లే సీలు మార్చుకుంటారు. పాడయ్యే రోజును ముందే ఊహించి చేసిన డిజైన్ అది.

ప్లేపంప్ దీనికి పూర్తిగా ఎదురు. పిల్లలు రంగులరాట్నంలా తిప్పుతూ ఆడుకుంటుంటే నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయన్నారు. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఈ ఆలోచనకు 2006లో అమెరికాలో 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. 2010 నాటికి 4,000 పంపులు పెట్టాలన్నది లక్ష్యం. అనుకున్నంత మందికి నీళ్లు చాలాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని ఒక బ్రిటిష్ పత్రిక లెక్కగట్టింది. రోజుకు ఉన్నవి 24! పిల్లలు లేని వేళ ఆ చక్రం తిప్పే చాకిరీ ఆడవాళ్ల మీద పడింది. ఫొటోల్లో మాత్రం చాలా బాగుండేది.

హైతీలో జరిగింది ఇంతకన్నా ఘోరం. 2010లో ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం మురుగు నదిలో కలిసి కలరా వ్యాపించింది. దాదాపు పదివేల మంది చనిపోయారు. ఐక్యరాజ్యసమితి క్షమాపణ చెప్పేసరికి 2016 వచ్చింది.

అందుకే థీసిస్ కోసం మరో కొత్త పరికరం చేయించే బదులు, ఎప్పుడో కట్టి వదిలేసిన పథకం దగ్గరికి విద్యార్థిని పంపాలని మేము కోరుతున్నాం. అది ఎందుకు ఆగింది, స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయి, నెలనెలా డబ్బు వసూలు చేసే మనిషి ఎందుకు మానేశాడు... ఇవన్నీ రాయించాలి. మార్కుల్లో కొంత వాటా ఆ నీళ్లు తాగేవారి చేతిలో పెట్టాలి. సీట్లలో సగం విపత్తులు ఎదుర్కొంటున్న దేశాల ఇంజినీర్లకు ఫీజు లేకుండా ఇవ్వాలి. వీసా అడ్డమైతే కోర్సునే వారి దగ్గరికి తీసుకెళ్లాలి. మూణ్నెల్లు ఉండి వెళ్లిపోయేవారికన్నా అక్కడే ఉండేవారికి ఈ చదువు ఎక్కువ పనికొస్తుంది.

దాతల బాధ్యతా తక్కువేం కాదు. ఏడాదికో గ్రాంటు ఇచ్చి, రిబ్బన్ కటింగ్ ఫొటోతో ఫైలు మూసేస్తుంటే ఎంత చదివిన ఇంజినీరైనా కొత్త పంపే పెడతాడు, పాతదాని జోలికి పోడు. ప్రతి నిర్మాణ గ్రాంటులోనూ పదేళ్ల నిర్వహణ ఖర్చు ముందే కేటాయించాలి. అంత డబ్బు లేదంటే కట్టేవాటి సంఖ్య తగ్గించుకోవాలి.