ఒక రోజు కాదు, కొన్ని గంటలే
అమెరికా తెలుగువాళ్లు మనకంటే ఒక రోజు ముందే సినిమా చూసేస్తారని అంటుంటారు, కానీ అది క్యాలెండర్ లెక్క మాత్రమే. సంక్రాంతికి న్యూజెర్సీలో బుధవారం సాయంత్రం 6కి ప్రీమియర్ పడితే ఇక్కడ గురువారం తెల్లవారుజామున 4:30. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో ఉదయం 8 గంటల ఆటకి మూడున్నర గంటలే తేడా. అదే కాలిఫోర్నియాలో 6 అంటే మనకి 7:30, అక్కడ ఇంటర్వెల్ పడకముందే ఇక్కడ హీరో ఎంట్రీ అయిపోతుంది. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి వేసవి సినిమాలకి మన టైములో ఒక గంట తీసేయాలి, చాలామంది పొరబడేది ఇక్కడే. అసలు ఇబ్బంది వేరే. న్యూజెర్సీలో రెండుముప్పావు గంటల సినిమా వదిలేసరికి మన ఆట ఇంకా మొదలవదు, క్లైమాక్స్ మాత్రం ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చేస్తుంది. ఆ సాయంత్రం వరకైనా కథ రాయకండి, దయచేసి.