ఔలియాకు ప్రోటోకాల్ తెలియదు

ఉరుసంటే అరబ్బీలో పెళ్లి. సూఫీ గురువు తనువు చాలించిన రోజును దేవుడితో కలిసిపోయిన రోజుగా లెక్కేసి, ఏడుపులకు బదులు గంధంతో, ఖవ్వాలీలతో జరుపుకుంటారు. అంతవరకు బాగానే ఉంది. కానీ పెళ్లన్నాక పెద్దమనుషుల్ని పిలిచే పద్ధతి ఒకటుంటుంది కదా! ఆ విషయంలో మన ఔలియాలు, అంటే ఈ సూఫీ గురువులు, చేసిన పొరపాట్లు దిద్దడానికి వందల ఏళ్లు పట్టింది.

ఢిల్లీ నిజాముద్దీన్ ఔలియానే తీసుకోండి. 1325లో పోయారు. ఆయన బతికుండగా గద్దె మీదికి సుల్తాన్ల మీద సుల్తాన్లు వచ్చారు. ఈయన దర్బారు ఛాయలకే పోలేదు. చూడ్డానికి సుల్తానే వస్తానంటే, "నా ఇంటికి రెండు తలుపులున్నాయి, ఆయన ఒకదాంట్లోంచి వస్తే నేను రెండోదాంట్లోంచి వెళ్లిపోతా" అన్నారని చెప్పుకుంటారు. సెక్యూరిటీ వాళ్లకు ఎంత టెన్షన్! ఇప్పుడా బెడద లేదు. సమాధిలోంచి లేచి వెళ్లిపోలేరు గనుక నాయకులు నిశ్చింతగా సమాధి మీద కప్పే చాదర్లు తెస్తున్నారు.

అక్బరుకూ ఈ విద్య సరిగ్గా రాదు. కొడుకు సలీం పుట్టాడని మొక్కు తీర్చుకోడానికి 1570లో ఆగ్రా నుంచి అజ్మీరు ఖ్వాజా దర్గాకు నడిచి వెళ్లాడు. అంత పెద్ద పాదుషా, ముందు సైరన్ లేదు, దారిపొడవునా ఫ్లెక్సీ లేదు. మా నాయకుడైతే కారు దిగిన చోటి నుంచి గుమ్మం దాకా నలభై అడుగులు నడిచి, దానికి పాదయాత్ర అని పేరు పెట్టించుకున్నాడు.

మొన్న మా దగ్గరి దర్గాలో గంధం రాత్రి చూశాను. ఆకుపచ్చ చాదర్, బంగారు జరీ అంచు. చాదర్‌కు మూలలు నాలుగే. పట్టుకోవలసిన నాయకులు పదకొండు మంది. మూల దొరకనివాళ్లు మధ్యలో దూరి తలల మీద మోశారు, ఫోటోలో వాళ్లకు నుదురు మాత్రమే వచ్చింది. దర్గా సేవ చూసే ముజావర్ నెమలి ఈకల కట్టతో అందరి నెత్తినా ఒక్కటే తట్టు తడతాడు, కూలీకైనా కలెక్టరుకైనా. మా నాయకుడికి మాత్రం మూడు పడ్డాయి. మొదటి రెండూ కెమెరాకు అందలేదట. ఆశీర్వాదానికి రీటేక్ ఉంటుందని నాకు ఆ రాత్రే తెలిసింది.

అంతసేపూ లైను ఆపేశారు. నా ముందు ఒక ముసలమ్మ, చంకలో జ్వరంతో మనవడు, చేతిలో చక్కెర పొట్లం, రెండు అగరుబత్తులు. పొట్లం కాగితం చెమటకు తడిసి చక్కెర కారుతుంటే అడుగున అరచెయ్యి పెట్టుకుని నిలబడింది. మనవడి పేరడిగితే సైదులు అంది. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడట. ఆమె నుదుట రూపాయి కాసంత బొట్టు. ఇలాంటి సైదులు, సైదమ్మ, మస్తానయ్యలు మన ఊళ్లలో వీధికొకరుంటారు. మొక్కు విందుగా కందూరు చేస్తారు, పీర్ల ముందు దండం పెడతారు, మళ్లీ శనివారం ఒక్కపొద్దుంటారు. ఇది ఫలానా సామరస్యం అని వాళ్లకు ఎవరూ చెప్పకపోవడం పెద్ద లోటే. ఆ లోటు తీర్చడానికే మా నాయకుడు మైకందుకుని, మతసామరస్యం ఎలా నేర్చుకోవాలో వాళ్లకు ఇరవై నిమిషాలు బోధించాడు. పిల్లాడు సైదులు నిద్రపోయాడు.

ఒక్క చిక్కు మిగిలింది. ఉరుసు నెలవంకను బట్టి వస్తుంది, ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఎన్నికలకు అంత చలాకీతనం లేదు. రెండూ కలవని ఏడాది చాదర్లు పలచబడుతున్నాయి గనుక, చంద్రుడితో ఎవరైనా మాట్లాడితే బావుంటుంది.

మిగతా ఏర్పాట్లకు వంక పెట్టలేం. దర్గాకు ఈ ఏడు పక్కవైపు రెండో తలుపు కూడా కొట్టించారు. నిజాముద్దీన్ గారు గుర్తొచ్చి సంతోషంగా దగ్గరికెళ్లాను. పైన బోర్డుంది: 'వీఐపీలకు మాత్రమే.'