అన్నవాహిక ఇంప్లాంటు బాబుగారికి, పర్లాకిమిడి నుంచి

అయ్యా,

తమరు వస్తున్నారని ఏళ్ళ తరబడి వింటున్నాం. కాలిపోయి కుంచించుకుపోయిన అన్నవాహిక (తిండి దిగే గొట్టం) ఉన్నచోట కొత్తది మొలిపిస్తారట. శుభం. పిల్లనిచ్చే ముందు వంశం వాకబు చెయ్యడం మా వైపు ఆనవాయితీ కనక మీ గురించీ కాస్త విచారించాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి వాడుక మాటల్లోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మీ పనితీరు నచ్చింది. రోగి పొట్ట కొవ్వులోంచి మూలకణాలు తీసి, పాలియురెథేన్ గొట్టం మీద పెంచి, పాడైన ముక్క కోసేసిన చోట ఆ గొట్టం అమరుస్తారు. దాని ఆసరాతో ఒళ్ళే కొత్త నాళం పెంచుకుంటుంది. పందుల్లో చేసిన ప్రయోగాల్లో సుమారు మూడు వారాలకే గొట్టాన్ని నోట్లోంచి తీసేశారు. పనయ్యాక మారుమాట లేకుండా ఖాళీ చేసేవాళ్ళు మా జిల్లాలో అరుదు.

మనిషికి మిమ్మల్ని మొదట పెట్టింది 2017లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో. ఆ రోగి దాదాపు ఎనిమిది నెలలు బతికి స్ట్రోక్‌తో పోయారు. అది మీ వల్ల కాదన్నారు, సరే. అక్కడే విస్కాన్సిన్‌లో మీ దాయాదులు ఒక కుర్రాడికి ఇంకోలా చేశారు: దారి మూసుకోకుండా పట్టి ఉంచే లోహపు స్టెంట్లు, మనిషి చర్మం నుంచి చేసిన పొర, రోగి సొంత ప్లేట్‌లెట్ల జెల్. వారాల్లో తీద్దామనుకున్న స్టెంట్లు మూడేళ్ళకు పైగా లోపలే ఉన్నాయి. తీశాక నాలుగేళ్ళకూ ఆ కుర్రాడు మామూలు తిండే తింటున్నాడని 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రిక రాసింది. ఒక్క కుర్రాడు.

ఇక అడగక తప్పని మాట. మీ పెదనాన్నగారి శాఖలో ప్లాస్టిక్ శ్వాసనాళం ఒకరున్నారు కదా? 2011లో స్టాక్‌హోమ్‌లో పావ్లో మాక్కియారిని అనే సర్జన్ పెడితే లోకమంతా చప్పట్లు కొట్టింది. ఆ ఆపరేషన్లతో రోగులకు హాని చేశాడని 2023లో అక్కడి అప్పీలు కోర్టు ఆయనకు రెండున్నరేళ్ళ జైలు వేసింది. అందుకే మీరు నెమ్మదిగా వస్తున్నా నేను విసుక్కోను. తొందరపడి వచ్చినవాళ్ళను చూశాం.

కానీ బాబుగారూ, మీకు పని కల్పించేవాళ్ళు మాత్రం చాలా చురుగ్గా ఉన్నారు. మా వీధి చివర కొట్లో బాత్రూం యాసిడ్ కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇస్తారు. యాసిడ్ కొనేవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలని, పుస్తకంలో రాయాలని, పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మా కొట్లో పుస్తకం ఉంది. అందులో అప్పులు రాస్తారు.

ఆ సీసాలోదే మా మేనల్లుడు సోడా అనుకుని తాగాడు. చుట్టూ మూగినవాళ్ళు ఉప్పునీళ్ళు పట్టి కక్కించారు. దిగేటప్పుడు ఒకసారి కాల్చినది ఎక్కేటప్పుడు మళ్ళీ కాల్చింది. కొన్ని వారాలకు లోపలి పుండు మాని, మచ్చ కట్టి, దారి మూసుకుంది. ఇప్పుడు చోడి అంబలి కూడా వడగట్టి పోస్తున్నాం. గుణుపూర్ పాసింజరెక్కి విశాఖ వెళ్ళి బెలూన్‌తో వెడల్పు చేయించుకొస్తే కొన్నాళ్ళు ఇడ్లీ దిగుతుంది, మళ్ళీ బిగుస్తుంది. అదీ కుదరకపోతే పొట్టను పైకి లాగి మెడ దగ్గర కుడతారట, లేదా పెద్దపేగు ముక్క పెడతారట. "పేగుతో మింగాలా మావయ్యా?" అని అడిగాడు వాడు. మీరేమైనా చెప్తారా?

ఒకవేళ నిజంగానే బయల్దేరితే ముందు ఒక సంగతి తేల్చండి. మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రా పాతపట్నం, అక్కడ ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ). మాది ఒడిశా రేషన్ కార్డు, అది మాకు వర్తించదు. ఇక్కడ ఫారాలన్నీ ఒడియాలో, గొంతేమో తెలుగు. మీరు ఏ ఒడ్డున దిగుతారో, ఏ కౌంటర్లో మీ పేరు చెప్పాలో రాయండి. జిరాక్సులు తీయించి ఉంచుతాం. యాసిడ్‌కి అడగని ఆధార్ అక్కడ నాలుగు కాపీలు అడుగుతారు.

ఇట్లు,
వడగట్టే గుడ్డ పట్టుకున్న మేనమామ